చలిలో సైకిల్ తొక్కేవారూ, వేళ్లు మొద్దుబారకుండా ఏం చేస్తున్నారు?

నమస్కారం. నేను హైదరాబాద్‌లో కొల్లూరు వైపు ఉంటాను. ఇంటి నుంచే పని. మీడియా రంగం వార్తలు చదివి ఒక సంస్థకు రోజూ సారాంశం రాసివ్వడం నా ఉద్యోగం. ఏ ఛానల్ ఎవరి చేతిలోకి వెళ్లింది, ఏ ఓటీటీ చందా పెంచింది, ఇలాంటివి. 2024 నవంబరులో రిలయన్స్, డిస్నీల భారతీయ మీడియా వ్యాపారాలు కలిసినప్పుడైతే తల ఎత్తే తీరిక లేదు. సారాంశం ఉదయం పదింటికల్లా వెళ్లాలి కాబట్టి ఎండ ముదిరాక సైకిల్ తీసే వీలు ఉండదు.

అందుకని తెల్లవారగానే ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న 23 కిలోమీటర్ల సైకిల్ మార్గానికి వెళ్తాను. దాదాపు అంతటా పైన సోలార్ పలకల కప్పే. వేసవిలో ఆ నీడ వరం. డిసెంబరులో మాత్రం వచ్చే కాస్త ఎండనూ ఆపేస్తుంది. ఎదురుగాలికి వేళ్లు మొద్దుబారి బ్రేకు మీద పట్టు తెలియడం లేదు. ఇంటికొచ్చాక చాలాసేపు కీబోర్డు మీద వేళ్లు ఆడవు. ఉన్ని తొడుగుల్లోంచి గాలి దూరుతోంది. బైకు నడిపేవారి తోలు తొడుగులతో గేర్లు మార్చడం కష్టం.

గాలిని ఆపుతూ, లోపల చెమట పట్టనివ్వని పల్చటి తొడుగులు ఎవరైనా వాడారా? లేక వెనక చక్రాన్ని బిగించి ఇంట్లోనే తొక్కే స్టాండు నయమా? దాని మీద తొక్కుతూనే వార్తలు చదువుకోవచ్చన్న ఆశ కూడా ఉంది. అపార్ట్‌మెంటులో కింది అంతస్తువారికి ఎంత చప్పుడు వినిపిస్తుందో వాడినవారే చెప్పాలి.

"సాయంత్రం తొక్కు" అనే సలహా మా ఇంట్లో ఇప్పటికే దండిగా దొరుకుతోంది.