కార్డిఫ్ నుంచి పెంబ్రోక్‌షైర్ తీరానికి బ్యాగు వేసుకుని వెళ్ళినవాళ్ళు ఉంటే చెప్పండి

అందరికీ నమస్తే. జూన్‌లో వేల్స్ వస్తున్నాను. అక్కావాళ్ళు కార్డిఫ్‌లో ఉంటారు, బావకి సెలవు దొరకదు, అక్కకి చంటిబిడ్డ, కాబట్టి కొన్నాళ్ళు వాళ్ళతో గడిపి, అమ్మ పంపే ఆవకాయ, పొడులు ఉన్న పెద్ద సూట్‌కేసు అక్కడే వదిలేసి, వీపు మీద ఒక్క బ్యాగుతో పెంబ్రోక్‌షైర్ తీరం చూసి రావాలని చాలా ఆశగా ఉంది. అక్కడ సముద్రం వెంబడే 186 మైళ్ళ నడకదారి ఉంది, నాకు అంతా అక్కర్లేదు. రైల్లో హేవర్‌ఫర్డ్‌వెస్ట్, అక్కణ్ణుంచి బస్సులో సెయింట్ డేవిడ్స్ చేరి, సోల్వా మీదుగా న్యూగేల్ దాకా నడుద్దామని.

దారి చాలావరకు కొండ అంచునే, ఎక్కడం దిగడం ఎక్కువ. వాన పడితే బరువుతో ఆ మట్టిదారి మీద నడవగలమా? మామూలు స్పోర్ట్స్ షూ సరిపోతాయా, లేక వేరే కొనాలా?

స్థలం యజమాని ఒప్పుకోకుండా టెంట్ వేయకూడదని తెలుసు, అందుకే హాస్టళ్ళే చూస్తున్నా. ఎంత ముందు బుక్ చేయాలి? స్కోమర్ దీవిలో పఫిన్ పక్షులు జులై చివరికల్లా సముద్రంలోకి వెళ్ళిపోతాయి, కాబట్టి అది మాత్రం వదులుకోలేను. పడవ మార్టిన్స్ హేవెన్ నుంచి. కారు లేకుండా పొద్దున్నే అక్కడికి ఎలా చేరాలన్నదే నా టెన్షన్.

తిరిగొచ్చాక అక్కతో పెన్ ఎ వాన్ కొండ (886 మీటర్లు) ఎక్కాలని ఉంది, బిడ్డని ఎత్తుకుని వెళ్ళొచ్చా? శాకాహారిని, ఆ పల్లెల్లో తిండి సంగతి కూడా చెప్పండి ప్లీజ్.