నెలలు నిండని పాపకు విటమిన్ కె అర మిల్లీగ్రామే వేశారు, సరిపోతుందా?

ఆదోని అమ్మ:
మా పాప ఏడో నెలలోనే పుట్టింది. బరువు 980 గ్రాములు. కర్నూలులో ఎస్‌ఎన్‌సీయూలో (పసిపిల్లల ప్రత్యేక వార్డు) పెట్టి, ఈమధ్యే ఇంటికి పంపారు. డిశ్చార్జ్ కాగితంలో విటమిన్ కె 0.5 మి.గ్రా. అని ఉంది. మా ఆడబిడ్డ కొడుక్కి 1 మి.గ్రా. వేశారు. "మీ పాపకు సగమే వేసి పంపినారే" అని ఇంట్లో అంటుంటే టెన్షన్‌గా ఉంది.

కడప సిస్టర్:
అమ్మా, పసిపిల్లల వార్డులో పనిచేస్తాను. మీ పాప బరువుకు అదే సరైన డోసు. కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం కిలో, ఆపైన ఉన్న బిడ్డకు 1 మి.గ్రా., కిలోకు తక్కువైతే 0.5 మి.గ్రా., పుట్టాక తొడ కండకు ఒకే సూది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో కిలోన్నర లోపు పిల్లలకు కిలో బరువుకు 0.3 నుంచి 0.5 మి.గ్రా. అంది. ఆ లెక్కన చూసినా మీ పాపకు తక్కువ పడలేదు.

రక్తం గడ్డకట్టే పదార్థాలు లివర్‌లో తయారవ్వాలంటే ఈ విటమిన్ కావాలి. మాయ దాటి బిడ్డకు చేరేది చాలా కొంచెం, తల్లిపాలలోనూ తక్కువే. నెలలు నిండని పిల్లలకు లివర్ ఇంకా ముదరదు. పైగా యాంటీబయాటిక్స్ పడితే, పేగుల్లో దీన్ని తయారుచేసే బ్యాక్టీరియా చేరడం ఆలస్యమవుతుంది.

నాకు భయమంతా సిరంజిలోకి తీసేటప్పుడే. అర ఎం.ఎల్.లో 1 మి.గ్రా. ఉండే ఆంపుల్స్ ఉన్నాయి, ఒక ఎం.ఎల్.లో 10 మి.గ్రా. ఉండేవీ ఉన్నాయి. మొదటి దాంట్లోంచి మీ పాపకు పావు ఎం.ఎల్. తీయాలి. రెండోదైతే 0.05 ఎం.ఎల్., సన్న సిరంజిలో ఐదు చిన్న గీతలంతే. అందుకే ఆంపుల్ మీద రాసింది ఇద్దరం చదివాకే మందు తీస్తాం.

అనంతపురం నాన్న:
మా బాబు ఒక నర్సింగ్ హోమ్‌లో పుట్టాడు. ఊపిరి ఆడక 108లో పెద్దాసుపత్రికి పంపారు. రెఫరల్ చీటీలో విటమిన్ కె ఊసే లేదు. వేశారా అని ఇక్కడ అడిగితే మాకేం తెలుస్తుంది? అక్కడికి ఫోన్ చేస్తే డ్యూటీ మారిపోయింది. చివరికి డాక్టరమ్మ చూసి వేయించింది. బిడ్డను వేరే చోటికి పంపుతుంటే చీటీలో డోసు, టైము రాయించుకోండి. ఆ గాబరాలో తల్లిదండ్రులకు గుర్తుండదు, పక్కనున్న బంధువు ఒకరికి ఆ పని అప్పజెప్పండి.

ప్రొద్దుటూరు అవ్వ:
మునగాకు, పాలకూర బాగా తినమ్మా, పాలల్లో వస్తాది.

కడప సిస్టర్:
అవ్వా, బాలింతకు ఆకుకూరలు తప్పకుండా పెట్టండి. కానీ మామూలు తిండితో పాలలో ఈ విటమిన్ బిడ్డకు చాలినంత పెరగదు. సూది పని సూదే చేయాలి.

ఎమ్మిగనూరు అక్క:
నేను ఫిట్స్ మాత్రలు వాడతాను. కొన్ని ఫిట్స్ మాత్రలు, టీబీ మందులు వాడే తల్లుల బిడ్డలకు విటమిన్ కె లోపంతో మొదటి రోజే రక్తస్రావం కావచ్చట. కాన్పుకు ముందే మీరు వాడే మందులన్నీ చెప్పండి.

ఆదోని అమ్మ:
మనసు కుదుటపడింది సిస్టర్. ఇంక ఏం చూసుకోవాలి?

కడప సిస్టర్:
సూది పడిన బిడ్డకు ఈ విటమిన్ లోపంతో రక్తస్రావం రావడం చాలా అరుదు. అయినా ఆరు నెలల దాకా ఓ కన్నేసి ఉంచండి. బొడ్డు నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, మాడు ఉబ్బడం, పాలు తాగకుండా మగతగా పడుకోవడం, ఫిట్స్: ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కామెర్లు తగ్గక విరేచనం తెల్లగా పోతున్నా చూపించాలి. పైత్యరసం పేగులోకి రాకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, అలాంటి బిడ్డకు మళ్లీ వేయాల్సి రావచ్చు.