రియాక్ట్: పుష్ చేశాను, స్క్రీన్ మాత్రం కదలట్లేదు

ప్రశ్న:
వెబ్ పేజీలకి నాలుగేళ్లు జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతోనే బండి లాగించాను. ఇప్పుడు రియాక్ట్ అనే మరో లైబ్రరీ మొదలుపెట్టి మూడు రోజులైంది. చేయాల్సిన పనుల లిస్టు రాస్తున్నాను. పైన లిస్టు పేరు కొట్టడానికి ఇన్‌పుట్ బాక్సు, కింద పనులు. బటన్ నొక్కితే స్టేట్‌లో (రియాక్ట్ గుర్తుపెట్టుకునే డేటా) ఉన్న అర్రేలోకి, అంటే పనుల వరుసలోకి, కొత్త పనిని పుష్ చేసి (చివర చేర్చి), ఆ అర్రేనే స్టేట్‌ని మార్చే సెట్ ఫంక్షన్‌కి ఇస్తున్నాను. బ్రౌజర్ కన్సోల్‌లో ప్రింట్ చేసి చూస్తే నాలుగు పనులున్నాయి, స్క్రీన్ మీద మూడే. విచిత్రం ఏంటంటే, పైన పేరు బాక్సులో ఒక్క అక్షరం కొట్టగానే ఆ నాలుగోది ఊడిపడుతోంది! ఎర్రర్ కూడా లేదు. ఎర్రర్ వస్తే అదో ధైర్యం.

జవాబు:
ఆ ఊడిపడటంలోనే ఉందండీ కిటుకంతా. సెట్‌కి మీరిచ్చింది పాత అర్రేనా, కొత్తదా అని మాత్రమే రియాక్ట్ చూస్తుంది. లోపల ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టదు. పుష్ చేసినా అర్రే అదే కదా, ఏమీ మారలేదనుకుని ఊరుకుంటుంది. పేరు బాక్సుది వేరే స్టేట్. అది మారగానే కాంపొనెంట్ (పేజీలో మీ లిస్టు ముక్కని గీసే ఫంక్షన్) మళ్లీ రెండర్ అయింది, అంటే మళ్లీ గీసుకుంది, అప్పటికే లోపల నక్కి ఉన్న నాలుగోది బయటపడింది.

పుష్ మానేయండి. స్క్వేర్ బ్రాకెట్ తెరిచి, మూడు చుక్కలు, వెంటనే పాత అర్రే పేరు, కామా, కొత్త పని, బ్రాకెట్ మూసి దాన్ని సెట్‌కి ఇవ్వండి. తీసేయడానికి ఫిల్టర్ వాడండి, అదీ కొత్త అర్రేనే ఇస్తుంది. వరుసలో పేర్చే సార్ట్ మాత్రం పాతదాన్నే కెలుకుతుంది, దాంతో నాకో సాయంత్రం మొత్తం పోయింది. కాపీ తీసుకుని సార్ట్ చేయండి.

జేక్వెరీ అలవాటున్నవాళ్లకి చెయ్యి ఊరుకోదు, నేరుగా పేజీలోని ఎలిమెంట్‌ని పట్టుకోవాలనిపిస్తుంది. నాకు నెల పట్టింది.

మరో జవాబు:
పక్క మాట. పాత వీడియోలు చూసి, కొత్త ప్రాజెక్టు తయారుచేసి పెట్టే క్రియేట్ రియాక్ట్ యాప్ అనే టూల్‌తో మొదలుపెట్టారా? 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ టీమే దాన్ని పక్కన పెట్టేసింది. నేర్చుకోవడానికి, అదే పని చేసే వీట్ (Vite) చాలు. మామూలు ఫంక్షన్లలోనే స్టేట్ వాడుకోనిచ్చే హుక్స్ వచ్చింది 2019లో. వీడియో నిండా అంతకుముందు పద్ధతి క్లాస్ కాంపొనెంట్లే ఉంటే వేరేది వెతుక్కోండి.

అడిగినవారు:
వీట్‌తోనే మొదలుపెట్టాను. మూడు చుక్కలు పనిచేశాయి! కానీ ఇప్పుడు ఉల్టా అయింది. స్క్రీన్ మీద నాలుగు, సెట్ కింది లైన్లో పెట్టిన కన్సోల్ లాగ్‌లో మూడు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అది తప్పు కాదు. సెట్ అంటే తర్వాతి రెండర్‌కి కబురు పెట్టడమే. ఇప్పుడు నడుస్తున్న ఫంక్షన్ చేతిలో ఇంకా పాత అర్రేనే ఉంటుంది. ఇందాక నాలుగు కనిపించింది మీరు ఆ పాతదాన్నే కెలికారు కాబట్టి. కౌంట్ అనే స్టేట్ పెట్టుకుని, కౌంట్ ప్లస్ 1 అని ఒకే క్లిక్‌లో రెండుసార్లు సెట్ చేసి చూడండి, ఒకటే పెరుగుతుంది. రెండు పెరగాలంటే సెట్‌కి విలువ బదులు, పాత విలువ తీసుకుని కొత్తది ఇచ్చే ఫంక్షన్ ఇవ్వాలి.

లాగ్‌ని కాంపొనెంట్‌లో రిటర్న్ లైనుకి పైన పెట్టుకోండి. రెండేసిసార్లు ప్రింట్ అయితే టెన్షన్ పడకండి, డెవలప్‌మెంట్‌లో తప్పులు బయటపెట్టడానికి ఉండే స్ట్రిక్ట్ మోడ్ కావాలనే అలా చేస్తుంది.

అడిగినవారు:
రెండేసిసార్లే వస్తోందండీ. దాని మీదే తర్వాతి ప్రశ్న సగం టైప్ చేశాను, చెరిపేస్తున్నా.