గుండె మందు డిగాక్సిన్ పంపిణీ పరిమాణం 500 లీటర్లు వస్తోంది, లెక్క ఎక్కడ తప్పింది?

ఫార్మ్‌డీ_ఎంవీపీ కాలనీ:
నమస్కారం. 70 కిలోల మనిషికి డిగాక్సిన్ 0.5 మిల్లీగ్రాములు నరానికి ఇచ్చారు. రక్తంలో మందు ఎంతుందో చూపే గ్రాఫ్‌ని సున్నా గంట దాకా వెనక్కి గీస్తే మిల్లీలీటరుకి 1 నానోగ్రాము వచ్చింది. డోసుని దాంతో భాగిస్తే 500 లీటర్లు! ఒంట్లో నీరంతా కలిపినా 42 లీటర్లే కదా. యూనిట్లు తప్పానా? రక్తం తీయడానికి ఆరు గంటలు ఆగమనేది ఎందుకు?

మహారాణిపేట_క్లినికల్:
లెక్క సరిగ్గానే ఉందండీ. 500 మైక్రోగ్రాములని లీటరుకి 1 మైక్రోగ్రాముతో భాగించారు, అంతే. 500 లీటర్లనేది ఒంట్లో ఉన్న జాగా కాదు, మందంతా ప్లాస్మాలో ఉన్నంత పలచగానే కరిగుంటే ఎంత ద్రవం కావాలో చెప్పే ఊహా లెక్క. ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) 3 లీటర్లే, అంటే అందులో ఉన్నది 3 మైక్రోగ్రాములు. మిగతాదంతా కండరాల్లో, గుండెలో సోడియం-పొటాషియం పంపుకి అతుక్కుని ఉంది. డిగాక్సిన్ ఎక్కువైతే డయాలసిస్ పనికిరానిది అందుకే: రక్తంలో ఉన్న ఆ కాస్త తీసేసినా, కండరంలోంచి మళ్లీ వచ్చేస్తుంది. కొవ్వులోకి పెద్దగా పోదు కాబట్టి లావుగా ఉన్నవాళ్లకి మొత్తం బరువు మీద డోసు కట్టకండి. కిడ్నీలు పాడైతే కణజాలానికి అతుక్కోవడమూ తగ్గుతుంది, లోడింగ్ డోసు (మొదట్లో ఇచ్చే పెద్ద డోసు) కూడా తగ్గించాలి.

ఆరు గంటల సంగతి: మందు కండరంలోకి దిగడానికి అంత టైం పడుతుంది. మాత్ర వేసిన రెండు గంటలకే రక్తం తీస్తే రిపోర్టులో అంకె ఎక్కువ చూపిస్తుంది, విషమించిందనుకుని మందు ఆపేస్తారు. పొద్దున మాత్ర వేసే ముందే తీయడం మేలు. ల్యాబ్ ఫారం మీద ఆఖరి డోసు టైం, రక్తం తీసిన టైం రెండూ రాయండి. పొటాషియం కూడా చూడండి. అది తక్కువుంటే డిగాక్సిన్ అంకె మామూలుగా ఉన్నా గుండె లయ తప్పొచ్చు.

ఐసీయూ_గాజువాక:
దీనికి సరిగ్గా తిరగేసి జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్. కణాల్లోకి పెద్దగా వెళ్లదు, పంపిణీ పరిమాణం కిలోకి పావు లీటరు. 70 కిలోలకి 17.5 లీటర్లు, 350 మిల్లీగ్రాములిస్తే లీటరుకి 20 మిల్లీగ్రాములు అందుతుంది. సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదిరి) ఒళ్లంతా నీరు పట్టి అదే 25 లీటర్లయితే 14 దాటదు. కిడ్నీ రిపోర్టు బాలేదని మొదటి డోసు కోసేయడం ఇక్కడ పెద్ద పొరపాటు. మొదటి డోసు పంపిణీని బట్టి, తర్వాతి డోసుల మధ్య వ్యవధి కిడ్నీని బట్టి.

ఫార్మ్‌డీ_ఎంవీపీ కాలనీ:
థాంక్స్ సార్. ఆల్బుమిన్‌కి (రక్తంలోని ప్రోటీన్) అతుక్కునే మందులకి?

మహారాణిపేట_క్లినికల్:
మూర్ఛ మందు ఫెనిటాయిన్ తీసుకోండి, 90 శాతం ఆల్బుమిన్‌తోనే ఉంటుంది. ఆల్బుమిన్ తగ్గితే రిపోర్టులో అంకె తక్కువ చూపిస్తుంది, సరిచేసుకోవాలి. రిపోర్టు మిల్లీలీటరుకి 8 మైక్రోగ్రాములు, ఆల్బుమిన్ డెసిలీటరుకి 2 గ్రాములు అనుకుందాం. ఆల్బుమిన్‌ని 0.2తో గుణించి 0.1 కలపండి: 0.5. ఎనిమిదిని దాంతో భాగిస్తే 16, అంటే ఉండాల్సిన 10-20 మధ్యే ఉంది. 8 చూసి డోసు పెంచితే కళ్లు అదిరి, నడక తూలుతుంది. డయాలసిస్ పేషెంట్లకి 0.2 బదులు 0.1 వాడండి.