సమస్య: "బందిపోటు దొంగ బంధువయ్యె" (ఆటవెలది; ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి)

గోదారిగట్టు:

దారిలోనఁ జేరి తమ్ముడా యని పిల్చి
కథలు చెప్పి నవ్వి కలిసి తినుచు
రాత్రి మెడకు చుట్టె రంగు రుమాలును
బందిపోటు దొంగ బంధువయ్యె

నిర్వాహకుడు: గణాలు, యతులు చక్కగా కుదిరాయి. కానీ మీ దొంగ బందిపోటు కాదండీ, థగ్గు. బందిపోటు ముఠా దివిటీలతో, కేకలతో ఊరి మీద పడుతుంది. థగ్గు బాటసారుల్లో ఒకడిగా కలిసిపోయి, అదను చూసి మీ పద్యంలోలా రుమాలుతో మెడకు ఉరి బిగిస్తాడు. హిందీలో ఠగ్ అంటే మోసగాడే. 1830ల్లో జబల్పూరు వైపు స్లీమన్ అనే బ్రిటిష్ అధికారి ఈ థగ్గుల వెంటపడ్డాడు. 1836 చట్టం ప్రకారం ముఠాలో ఉన్నట్టు తేలితే చాలు, యావజ్జీవం. పాత భారత శిక్షాస్మృతి 310వ సెక్షన్‌లోనూ థగ్గుకు నిర్వచనం ఉండేది. దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది లేదు. తమాషా ఏమిటంటే, అందులో 310 నంబరు బందిపోటుకే దక్కింది!

పాలమూరు పిట్ట:

అడవిదారి కాచి యడ్డగించినవాడు
రామనామమంది రచన చేసె
పుట్టనుండి లేచి పుడమి నెల్లరకును
బందిపోటు దొంగ బంధువయ్యె

నిర్వాహకుడు: మూడో పాదం హాయిగా ఉంది. అయితే కథలో వాల్మీకి ఒంటరివాడు కదమ్మా. చట్టం లెక్కలో బందిపోటుకు కనీసం ఐదుగురుండాలి. ఈయన దారిదొంగ.

పాలమూరు పిట్ట: పద్యానికి సెక్షన్లేంది సార్! మా అవ్వ ఒక్కడొచ్చినా బందిపోటే అంటది.

నిర్వాహకుడు: అవ్వ మాటకు ఎదురు చెప్పను. వాడుకలో ఆ పదం అంతగా సాగింది మరి.

చెన్నపట్నం చిన్నోడు:

చంబలడవిలోకి సాధువు నడువగ
కట్టగట్టి పెట్టె గన్నులన్ని
బాగి యన్నవాడు పాదమ్ములంటెను
బందిపోటు దొంగ బంధువయ్యె

(1960లో వినోబా ముందు చంబల్ దొంగలు లొంగిపోయిన సంగతి.)

నిర్వాహకుడు: నాకు నచ్చిన పూరణ ఇదే. 1951లో మన పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టిన వినోబాయే ఆ సాధువు. 'బాగి' వేయడం ఇంకా బాగుంది. అక్కడి ముఠాలు తమను తాము డాకూలనుకోరు, బాగీలంటారు, అంటే తిరుగుబాటుదారులని. చంబల్‌వి అడవులకన్నా నీళ్ళు కోసేసిన మట్టిలోయలు, పోనీలెండి. అసలు చిక్కు రెండో పాదంలో ఉంది. "పెట్టెఁ గన్నులన్ని" అని సరళాదేశంగా, అంటే 'కన్నులు'లోని 'క' సంధిలో 'గ' అయిందని చదివితే పాపం కళ్ళన్నీ పీకి మూటగట్టినట్టుంది!

గోదారిగట్టు: 😂 తుపాకి అనొచ్చుగా?

చెన్నపట్నం చిన్నోడు: లఘువు, గురువు, లఘువు. ఈ పాదంలో రావలసిన సూర్యగణంలో (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) ఇమడక వదిలేశానండీ.

నిర్వాహకుడు: రెండు గణాల మధ్య విరవండి.

చెన్నపట్నం చిన్నోడు: ఇలాగా మాస్టారూ? "తన తుపాకి దించి దండమిడుచు"