చార్టర్ హైస్కూల్ గణాంకాలు ఎలా చదవాలి?

ప్రశ్న: ఇక్కడ అమెరికాలో మా అమ్మాయికి లాటరీలో చార్టర్ హైస్కూల్ (ప్రభుత్వ డబ్బుతో నడిచే, నిర్వహణ మాత్రం విడిగా ఉండే బడి) సీటొచ్చింది. ఫీజు లేదు, బ్రోషర్ భలే ఉంది. కానీ రాష్ట్ర విద్యాశాఖ సైట్లో చూస్తే తొమ్మిదో గ్రేడ్ కిక్కిరిసి ఉంది, పన్నెండుకొచ్చేసరికి సగమే. కంగారు పడాలా?

జవాబు: కొత్త స్కూలైతే పై గ్రేడ్లు ఇంకా నిండవు. పాతదైతే అదే బ్యాచ్‌ సంఖ్యల్ని నాలుగేళ్లు వెంబడించండి. ఎన్‌సీఈఎస్ (అమెరికా ప్రభుత్వ విద్యా గణాంకాల సంస్థ) సైట్లో గ్రేడ్లవారీ, జాతులవారీ సంఖ్యలు ఊరికే దొరుకుతాయి. గ్రాడ్యుయేషన్ రేటుకి (హైస్కూల్ పూర్తిచేసినవాళ్ల శాతానికి) మురిసిపోకండి, వేరే స్కూలుకి బదిలీ అయినవాళ్లని ఆ లెక్కలోంచి తీసేస్తారు.

ఇంకో జవాబు: ఉచిత భోజనం శాతాన్నీ పేదరికం కింద చదవకండి. కమ్యూనిటీ ఎలిజిబిలిటీ పథకంలో ఉన్న స్కూల్లో అందరికీ పెడతారు, ఆదాయం కాగితాలు అడగరు. నేనైతే స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లల (వైకల్యాల వల్ల ప్రత్యేక బోధన అవసరమైనవాళ్ల) శాతాన్ని పక్కనున్న మామూలు ప్రభుత్వ స్కూలుతో పోలుస్తా. మరీ తక్కువుంటే ప్రిన్సిపల్నే నిలదీస్తా.

అడిగినవారు: స్కూలు పాతదేనండీ. బ్యాచ్‌ల పట్టికలు దించుతున్నా.