వర్డ్‌లో ఫొటోలు నల్ల డబ్బాల్లా కనబడుతున్నాయి, పీడీఎఫ్‌లో మాత్రం బాగున్నాయి. ఏం చేయాలి?

వరిచేను:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ అగ్రికల్చర్ థీసిస్ వర్డ్‌లో చేసుకుంటున్నాను, ఆఫీస్ 2019. వరిలో అగ్గితెగులు మీద పని కాబట్టి ఆకుల ఫొటోలు బోలెడు ఉన్నాయి, అన్నీ ఫోన్‌తో తీసినవే, ఒక్కోటి 4, 5 ఎంబీ ఉంటుంది. మొన్నటిదాకా ఏ గొడవా లేదు. విండోస్ ఏదో అప్‌డేట్ చేసుకుని రీస్టార్ట్ అయిన దగ్గర్నుంచి, పేజీ కిందికి జరుపుతుంటే ఫొటో ఉండాల్సిన చోట నల్ల డబ్బా వస్తోంది, కొంచెం ముందుకెళ్ళి వెనక్కి వస్తే ఒకసారి ఫొటో వస్తుంది, ఒకసారి సగం ఫొటో సగం నలుపు. జూమ్ మారిస్తే కాసేపు బాగుంటుంది, మళ్ళీ మామూలే. పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే మాత్రం ఫొటోలు శుభ్రంగా ఉన్నాయి!

ఇవి కాక మూడో చాప్టర్‌లో రెండు ఫొటోలు నల్లగా కూడా లేవు, అడుగున సన్నటి పట్టీలాగా కొంచెమే కనబడుతున్నాయి. ఒక గ్రాఫు చోట ఎర్ర ఇంటూ మార్కు. లాప్‌టాప్‌లో ప్రాసెసర్‌తో వచ్చిన గ్రాఫిక్స్ ఒకటి, విడిగా ఇంకో కార్డు ఒకటి ఉన్నాయి. వచ్చే వారం మా గైడ్ గారికి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

కీబోర్డ్_కుర్రాడు:
ఇదంతా ఎందుకు బ్రో, విండోస్ ఫార్మాట్ కొట్టేసి ఆఫీస్ మళ్ళీ ఎక్కించు. గంటన్నరలో అయిపోతుంది.

తెనాలి_డీటీపీ:
థీసిస్ ఇవ్వాల్సిన వారంలో ఫార్మాట్ కొట్టమని సలహా ఇస్తావేంటి తమ్ముడూ. పైగా ఫార్మాట్ అయ్యాక విండోస్ మళ్ళీ అదే డ్రైవర్ (గ్రాఫిక్స్ కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) తెచ్చి పెడితే ఏం చేస్తాడు?

వరిచేను, ముందు తేల్చుకోవాల్సింది తప్పు ఫైల్లో ఉందా, తెర మీద చూపించడంలో ఉందా అన్నది. పీడీఎఫ్‌లో ఫొటో వచ్చిందంటే ఫైల్లో ఫొటో భద్రంగా ఉన్నట్టే, దాని గురించి బెంగ వద్దు. ఇంకా అనుమానంగా ఉంటే ఫైలుకి ఒక కాపీ తీసి, ఆ కాపీ పేరు చివర డాక్స్ (docx) తీసేసి జిప్ (zip) అని పెట్టి తెరువు, లోపల వర్డ్ అనే ఫోల్డర్‌లో మీడియా అని ఇంకోటి ఉంటుంది, నీ ఆకులన్నీ అందులో వరసగా ఉంటాయి. అసలు ఫైలు జోలికి మాత్రం వెళ్ళకు.

నల్ల డబ్బాల కథ ఇదీ. ఆఫీస్ 2013 నుంచి తెర మీద పేజీని గీసే పనిలో చాలా భాగం వర్డ్ గ్రాఫిక్స్ కార్డుకి అప్పజెబుతుంది, ఇద్దరి మధ్యా మాట మోసేది డ్రైవర్. అక్కడ తేడా కొడితే స్క్రోల్ చేసినప్పుడు ఇలాగే డబ్బాలు, చిరిగిన బొమ్మలు వస్తాయి. పీడీఎఫ్‌కీ ప్రింట్‌కీ వెళ్ళే దారి వేరు, అందుకే అక్కడ ఏ తేడా లేదు. (పేజీలు డిజైన్ చేసే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ వాడిన మా రోజుల్లో బొమ్మ తెర మీద మసగ్గా ఉండేది, ప్రింట్ మాత్రం అద్దంలా వచ్చేది, కానీ అది మెషీన్ నెమ్మదించకూడదని మేం కావాలని పెట్టుకున్నది.)

ఫైల్ మెనూ, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి కిందికి దిగితే డిస్‌ప్లే అన్న చోట "డిజేబుల్ హార్డ్‌వేర్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్" అని ఉంటుంది. దానికి టిక్ పెట్టి, వర్డే కాదు ఎక్సెల్, అవుట్‌లుక్ ఏది తెరిచి ఉన్నా మూసేసి మళ్ళీ తెరువు. కొత్త వెర్షన్లు కొన్నింట్లో ఈ టిక్ కనబడదు, నీది 2019 కాబట్టి ఉంటుంది. అలాగే ఆ పట్టీలాగా ఉన్న రెండు ఫొటోలు పీడీఎఫ్‌లో ఎలా ఉన్నాయో చూసి చెప్పు, నాకెందుకో అవి వేరే కేసు అనిపిస్తోంది.

వరిచేను:
అన్నా, టిక్ పెట్టగానే నల్ల డబ్బాలు మాయం!! స్క్రోల్ మాత్రం కాస్త బరువుగా ఉంది. ఆ రెండు ఫొటోలు పీడీఎఫ్‌లో కూడా పట్టీలాగే ఉన్నాయి. గ్రాఫు కూడా అంతే, ఎర్ర ఇంటూనే వచ్చింది. డ్రైవర్ వెనక్కి మారుద్దామని డివైస్ మేనేజర్‌లో చూస్తే రోల్ బ్యాక్ బటన్ బూడిద రంగులో ఉంది, నొక్కనివ్వట్లేదు.

మార్జిన్_మాస్టారు:
పీడీఎఫ్‌లో కూడా పట్టీలాగే ఉందంటే దానికీ డ్రైవర్‌కీ సంబంధం లేదు. ఆ పేరాకి లైన్ స్పేసింగ్ "ఎగ్జాక్ట్‌లీ" అని ఉంటుంది, చూడండి. యూనివర్సిటీ వాళ్ళు ఫార్మాట్ ఇస్తారు కదా, దాన్ని పట్టుకుని చాప్టర్ మొత్తం సెలెక్ట్ చేసి 18 పాయింట్లు, 24 పాయింట్లు అని బిగించేస్తుంటారు పిల్లలు. వాక్యాల మధ్య అక్షరంలాగా కూర్చున్న ఫొటోకి కూడా ఆ 24 పాయింట్ల ఎత్తే దక్కుతుంది, మిగతాది కత్తిరించినట్టు పోతుంది. ఫొటో పక్కన కర్సర్ పెట్టి కంట్రోల్, 1 కలిపి నొక్కండి, సింగిల్ స్పేసింగ్ అయి ఫొటో మొత్తం బయటికొస్తుంది. బొమ్మల కోసం విడిగా ఒక స్టైల్ చేసిపెట్టుకుంటే రేపు స్పేసింగ్ మార్చాల్సి వస్తే చాప్టర్ మొత్తం సెలెక్ట్ చేయకుండా మామూలు పేరాల స్టైల్లోనే మార్చొచ్చు, బొమ్మల స్టైల్ దానికి ఉంటుంది.

ఎర్ర ఇంటూ అంటే ఆ గ్రాఫు ఫైల్లో లేదు, దాని చిరునామా మాత్రమే ఉంది. ఇన్సర్ట్ చేసేటప్పుడు "లింక్ టు ఫైల్" పడి ఉంటుంది. ఆల్ట్, ఎఫ్9 నొక్కితే బొమ్మ బదులు ఇంక్లూడ్ పిక్చర్ అని, దాని పక్కన ఏ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్ అన్నది కనబడొచ్చు. మళ్ళీ అదే నొక్కితే మామూలవుతుంది. ఆ చిరునామా పెన్‌డ్రైవ్‌దా?

వరిచేను:
అవును సార్, మా ల్యాబ్ పెన్‌డ్రైవ్. పెట్టగానే గ్రాఫు వచ్చేసింది. కంట్రోల్ 1 కూడా పనిచేసింది, ఆకు మొత్తం కనబడుతోంది!

మార్జిన్_మాస్టారు:
పెన్‌డ్రైవ్ తీసే ముందే ఫైల్, ఇన్ఫోలో "ఎడిట్ లింక్స్ టు ఫైల్స్"కి వెళ్ళి "సేవ్ పిక్చర్ ఇన్ డాక్యుమెంట్"కి టిక్ పెట్టి, తర్వాత బ్రేక్ లింక్ కొట్టండి. లేకపోతే మీ గైడ్ గారి కంప్యూటర్లో మళ్ళీ ఎర్ర ఇంటూయే.

పెంగ్విన్_పక్షపాతి:
వర్డ్ ఒక్కదానికే కాదు, లిబ్రేఆఫీస్‌లో కూడా ఈ బాధ ఉంది. 7.0 నుంచి విండోస్‌లో తెర మీద గీసే పని స్కియా అనే గ్రాఫిక్స్ లైబ్రరీకి ఇచ్చారు, కొన్ని డ్రైవర్లతో దానికి పడదు. టూల్స్, ఆప్షన్స్, వ్యూలో "ఫోర్స్ స్కియా సాఫ్ట్‌వేర్ రెండరింగ్"కి టిక్ పెడితే కార్డుని పక్కనబెట్టి ప్రాసెసర్‌తోనే గీస్తుంది.

తెనాలి_డీటీపీ:
వరిచేను, స్క్రోల్ బరువు పోవాలంటే ఇంకొకటి చేసి చూడు. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్ళి వర్డ్‌ని జాబితాలో కలిపి "పవర్ సేవింగ్" ఎంచుకో, అంటే వర్డ్ ఆ విడి కార్డు జోలికి పోకుండా ప్రాసెసర్‌తో వచ్చిన గ్రాఫిక్స్‌నే వాడుతుంది. తర్వాత నేను చెప్పిన టిక్ తీసేసి చూడు. డబ్బాలు రాకపోతే అనుమానమంతా విడి కార్డు డ్రైవర్ మీదే. రోల్ బ్యాక్ కుదరట్లేదు కాబట్టి లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో నీ మోడల్ పేజీకి వెళ్ళి అక్కడున్న డ్రైవర్ దించుకో. "మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తాం" అని యాడ్స్‌లో వచ్చే సాఫ్ట్‌వేర్లు మాత్రం ఎక్కించకు.

వరిచేను:
పవర్ సేవింగ్ పెట్టి టిక్ తీసేశాను అన్నా, డబ్బాలు లేవు, స్క్రోల్ కూడా ఫ్రీగా ఉంది. డ్రైవర్ సంగతి థీసిస్ ఇచ్చాకే చూసుకుంటా, ఇప్పుడు కదపను. ఫైలు బాగా పెద్దదైపోయింది, మెయిల్‌లో పోవట్లేదు. ఫొటోల సైజు తగ్గించే కంప్రెస్ పిక్చర్స్ వాడొచ్చా?

తెనాలి_డీటీపీ:
అసలు ఫైల్లో వద్దు. మెయిల్ కోసమే కదా, వేరే పేరుతో కాపీ చేసుకుని అందులో నొక్కు, లేదా గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింక్ పంపు. నీవి తెగులు మచ్చలు, అంచుల రంగు తేడా కనబడకపోతే ఆ ఫొటో పెట్టి లాభం లేదు. అడ్వాన్స్‌డ్‌లోనే "డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్" అని ఉంటుంది, దానికి టిక్ పెట్టు, లేదంటే మామూలుగా సేవ్ చేసినప్పుడే వర్డ్ ఫొటోలని 220 పీపీఐకి (అంగుళానికి 220 పిక్సెళ్ళకి) దించేస్తుంది. ఇప్పటికే దించేసిన ఫొటోలుంటే ఆ టిక్‌తో వెనక్కి రావు, ఫోన్‌లోంచి మళ్ళీ తెచ్చి పెట్టుకోవాల్సిందే.